అన్యాక్రాంతమైంది భూమి ఒక్కటే కాదు

నెల్లూరు తీరంలో శ్రమ ఎవరిది? ఫలితం ఎవరిది?

'పరాయీకరణ' అనే మాట ఎత్తగానే మన కార్యకర్తల్లో కొందరు ముఖం చిట్లిస్తారు. అది పట్నాల్లో కథలూ కవితలూ రాసుకునేవాళ్ల బాధ అనీ, తెల్లారకముందే లేచి నాట్లకు పోయే మనిషికి ఆ మాటతో పనేముందనీ అంటారు. కూలి రేటు, ఇంటి స్థలం, రేషన్ కార్డు, ఇవి గదా మన సమస్యలు అంటారు. ఇవి మన సమస్యలే, కాదనడం లేదు. కానీ ఆ మాటకు పదును పెట్టింది కవుల కోసం కాదు, కూలివాళ్ల కోసం. కావలి నుంచి అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు మీదుగా ముత్తుకూరు దాకా ఈ తీరం వెంబడి నడిచి చూస్తే, దాని అర్థం పుస్తకాల్లో కన్నా గుంటగట్ల మీదే తేటగా కనపడుతుంది.

మన తాలూకాఫీసుల్లో తరచూ వినపడే మాట ఒకటుంది: 'అన్యాక్రాంతం'. ఒకరికి చెందాల్సిన భూమి మరొకరి చేతికి పోవడం అని దాని అర్థం. పట్టా పేదవాడి పేరున ఉంటుంది, భూమి ఇంకొకడి కింద ఉంటుంది. ఇంగ్లీషులో ఈ అన్యాక్రాంతానికీ, మార్క్సు చెప్పిన పరాయీకరణకూ ఒకే మాట వాడతారు. ఇది మాటల గారడీ కాదు. బతుకుతెరువుకు ఆధారమైన భూమీ, నీళ్లూ పరాయివైతే చేసే పని పరాయిదవుతుంది. పని పరాయిదైతే దాని ఫలితం పరాయిదవుతుంది. ఆఖరికి పక్కన నిలబడి అదే పని చేసే మనిషి కూడా పరాయివాడవుతాడు. మేము చెప్పదలచింది ఇదే: నెల్లూరు తీరంలో పరాయితనం మనసులో పుట్టలేదు, అడంగల్లో పుట్టింది. కాబట్టి మనసుకు చేసే వైద్యంతో అది పోదు.

మార్క్సు ఏమన్నాడు?

1844లో పారిస్‌లో ఉండగా, 26 ఏళ్ల కారల్ మార్క్సు కొన్ని నోటు పుస్తకాలు రాసుకున్నాడు. ఆయన బతికుండగా అవి అచ్చు కాలేదు. 1932లో గాని లోకానికి పూర్తిగా తెలియలేదు. కూలికి పనిచేసే మనిషి నాలుగు విధాల పరాయివాడవుతున్నాడని ఆ రాతల్లో ఆయన వివరించాడు.

మొదటిది, తాను తయారుచేసిన వస్తువు తనది కాదు. అది తయారైన క్షణం నుంచీ యజమానిది. పైగా ఆ వస్తువే పెట్టుబడిగా పెరిగి తిరిగి కూలివాడి మీదనే పెత్తనం చేస్తుంది. రెండోది, చేసే పని కూడా తనది కాదు. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎంత వేగంగా చేయాలో, ఎప్పుడు ఆపాలో తన ఇష్టం కాదు. పనిలో ఉన్నంతసేపూ తనను తాను పోగొట్టుకుంటాడు, పని దిగాకనే తాను మనిషినని గుర్తు చేసుకుంటాడు. మూడోది, ఆలోచించి, నలుగురితో కలిసి, ముందుచూపుతో సృష్టించడం మనిషి గుణం. ఆ గుణమే కేవలం పొట్ట నింపుకునే సాధనంగా దిగజారుతుంది. నాలుగోది, తోటి మనిషి పోటీదారుగా, మేస్త్రిగా, యజమానిగా మాత్రమే ఎదురుపడతాడు.

1867లో వెలువడిన 'పెట్టుబడి' మొదటి సంపుటంలో మార్క్సు దీన్నే ఇంకో వైపు నుంచి చూపించాడు. సరుకు మార్కెట్టుకు వచ్చేసరికి, మనుషుల మధ్య ఉన్న సంబంధం వస్తువుల మధ్య సంబంధంలాగా కనపడుతుందన్నాడు. 'రొయ్య పడిపోయింది', 'వడ్లు లేచాయి' అని మనం రోజూ అంటుంటాం. రొయ్యకూ వడ్లకూ కాళ్లున్నట్టు! లేపేదీ పడేసేదీ మనుషులే. ఆ మనుషులు మాత్రం కనపడరు.

ఉమ్మడి సేద్యం ఏమైంది?

నెల్లూరు జిల్లాలో 'సీజేఎఫ్ఎస్ భూములు' అంటే తెలియని పల్లె లేదు. సహకార ఉమ్మడి వ్యవసాయ సంఘాలు అని వాటి పూర్తి పేరు. భూమిలేని దళితులనూ, యానాదులనూ, ఇతర పేదలనూ సంఘాలుగా చేర్చి, ప్రభుత్వ భూమిని 1970ల్లో వాళ్లకు ఉమ్మడిగా అప్పగించారు. పేరు చూస్తే సోషలిస్టు పేరే. ఆచరణలో జరిగిందేమిటి? చాలాచోట్ల రిజిస్టర్లో పేర్లు మిగిలాయి, భూమి మిగల్లేదు. పెట్టుబడి ఇచ్చే నాథుడు లేడు, నీటి వసతి లేదు. అప్పు కింద, కౌలు కింద, బెదిరింపు కింద భూమి డబ్బున్నవాళ్ల వశమైంది. సంఘ సభ్యుడే తన సంఘం భూమిలో కూలికి పోయే దుస్థితి దాపురించింది.

అసైన్డ్ భూముల బదలాయింపును నిషేధిస్తూ 1977లో చట్టం వచ్చింది. పేదవాడి నుంచి భూమి కొన్నవాడికి హక్కు రాదని ఆ చట్టం చెప్పింది. చట్టం ఉండగానే భూములు చేతులు మారాయి. 2023లో ఆ చట్టాన్ని సవరించి, 20 ఏళ్లు దాటిన అసైన్డ్ భూములను పట్టాదారులు అమ్ముకోవచ్చన్నారు. అమ్ముకునే హక్కు పేదవాడికి మేలు గదా అని కొందరు అమాయకంగా అడుగుతారు. అప్పులో ఉన్నవాడికి అమ్ముకునే హక్కంటే పోగొట్టుకునే హక్కని అర్థం.

ఇందులో సోషలిస్టులకూ ఒక పాఠముంది. 'ఉమ్మడి' అని కాగితం మీద రాసినంత మాత్రాన ఆస్తి ఉమ్మడిది కాదు. ఏం పండించాలి, లెక్క ఎవరు చూడాలి, మిగులు ఎలా పంచాలి అనే నిర్ణయాలు కష్టం చేసేవాళ్ల చేతిలో లేకపోతే, పైన ఏ బోర్డు తగిలించినా కింద పరాయితనమే ఉంటుంది.

నీళ్లూ పరాయివే

ఈ తీరంలో యానాదులది ప్రత్యేకమైన కథ. వాగులూ, వంకలూ, కాలువలూ, అడవులూ వాళ్ల జీవనాధారం. చేప పట్టడం, ఎలుకల బొరియలు తవ్వి గింజలు తీయడం, తేనె, మూలికలు సేకరించడం వాళ్ల విద్య. శ్రీహరికోట దీవిని 1969లో రాకెట్ కేంద్రానికి ఎంపిక చేసినప్పుడు, అక్కడి అడవిని నమ్ముకుని బతుకుతున్న జనంలో యానాదులు ముఖ్యులు. అటు అడవి చేజారింది, ఇటు నీళ్లు చేజారాయి.

1990ల మొదట్లో టైగర్ రొయ్య జోరు తీరాన్ని ముంచెత్తింది. వరి కయ్యలు, పోరంబోకులు, ఉప్పు కయ్యలు గుంటలుగా మారాయి. ఊరి బావుల్లోకి ఉప్పు దిగింది. తమిళనాడుకు చెందిన సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన పిటిషన్ మీద 1996 డిసెంబరు 11న సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పులో నెల్లూరు జిల్లాలోని కుర్రు అనే పల్లె ప్రస్తావన ఉంది. గుంటల వల్ల 600 మంది మత్స్యకారులకు తాగునీరు లేకుండా పోయిందనీ, ఆడవాళ్లు ఆందోళన చేశాకనే ట్యాంకర్లు వచ్చాయనీ అందులో నమోదైంది. సముద్రంతోడు, ఏటితోడు పుట్టి పెరిగినవాళ్లు బిందె పట్టుకుని ట్యాంకరు కోసం ఎదురుచూడటం! పరాయీకరణకు ఇంతకన్నా ఉదాహరణ కావాలా?

అదే తీర్పులో మన పత్రికలు అంతగా పట్టించుకోని ఇంకో మాట ఉంది. మూతపడే రొయ్యల గుంటల్లో ఏడాదికి తగ్గకుండా పనిచేసిన కార్మికులకు పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం పరిహారంతో పాటు, అదనంగా 6 ఏళ్ల వేతనం చెల్లించాలని కోర్టు ఆదేశించింది. గుంట కాడ పనిచేసేవాడూ కార్మికుడేనని దేశపు అత్యున్నత న్యాయస్థానం ఒప్పుకున్నట్టే గదా! తర్వాత ఏమైంది? పునస్సమీక్ష పిటిషన్లు పడ్డాయి. 1997లో తీర్పు అమలు ఆగిపోయింది. 2005లో పార్లమెంటు కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి, తీరప్రాంత నియంత్రణ నిబంధనల నుంచి రొయ్యల సాగును తప్పించింది. గుంటల యజమానులకు చట్టం దొరికింది. కార్మికుడికి ఆ 6 ఏళ్ల వేతనం కాగితం మీదే మిగిలిపోయింది.

గుంటగట్టు మీద కాపలా

ఇప్పుడు రాజ్యమేలుతున్నది వెనామీ రొయ్య. 1994-95లో తెల్లమచ్చ రోగం టైగర్ రొయ్యను దెబ్బతీసింది. 2009లో వెనామీ సాగుకు అనుమతి వచ్చింది. సుమారు 100 నుంచి 120 రోజుల పంట. రోజుకు నాలుగు దఫాలు మేత చల్లాలి. ట్రేలు లేపి మేత మిగిలిందా లేదా చూడాలి. రాత్రిళ్లు ఏరియేటర్లు ఆగకుండా చూడాలి. కరెంటు పోయిందంటే పరుగున పోయి జనరేటరు వేయాలి. ఆలస్యమైతే తెల్లారేసరికి గుంటంతా తేలిపోతుంది. రొయ్యకు ప్రాణవాయువు తగ్గితే కనిపెట్టడానికి పరికరముంది. కాపలా మనిషికి నిద్ర తగ్గితే కనిపెట్టే పరికరం ఏదీ లేదు.

ఈ కాపలా పనుల్లో యానాది కుటుంబాలు ఎక్కువ. ఆలుమగలు, పిల్లలు గట్టు మీద గుడిసెలోనే కాపురం. మొగుడికి జీతం, పెళ్లాం చాకిరీకి లెక్క లేదు. ముందు ఇంత అడ్వాన్సు ఇస్తారు. పంట పోతే, రొయ్యలు దొంగిలించారని అనుమానం వస్తే, వల చిరిగితే, అన్నీ ఆ ఖాతాలోకే ఎక్కుతాయి. బాకీ తీరేదాకా కదలడానికి లేదు. 'యాడికి పోతాం సామీ, బాకీ ఉండాది గదా' అనే మాట ఈ గట్ల మీద కొత్తది కాదు.

ఒకప్పుడు ఈ నీళ్లలోనే వాళ్ల తాతలు స్వేచ్ఛగా చేప పట్టుకున్నారు. ఇప్పుడు ఆ నీళ్లకే కంచె వేసి, ఎవరూ చేప పట్టకుండా చూడమని వాళ్లనే నిలబెట్టారు. తన నీళ్లకు తానే పరాయివాడై, తోటి యానాది గట్టెక్కితే దొంగని అరవాల్సిన పని! మార్క్సు చెప్పిన నాలుగు పరాయితనాలూ ఇక్కడ ఒకే గుడిసెలో కాపురం చేస్తున్నాయి.

ఈ బాకీ బంధం చట్టరీత్యా నేరం. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం ప్రకారం అడ్వాన్సు పేరుతో మనిషిని కట్టిపడేయడం కుదరదు. అటువంటి బాకీ రద్దయినట్టే లెక్క. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి చేయించుకునే పని నిర్బంధ చాకిరీయేనని 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. నిర్బంధంగా పని చేయించినట్టు తేలితే అడ్వాన్సు బంధం ఉన్నట్టే భావించాలనీ, కాదని రుజువు చేసుకునే బాధ్యత యజమానిదేననీ 1983లో బంధువా ముక్తి మోర్చా కేసులో చెప్పింది. ఈ మూడు సంగతులూ ప్రతి కార్యకర్తకూ కంఠతా రావాలి.

కయ్యలో నాటు, షెడ్డులో ఒలుపు

ఇక ఆడవాళ్ల సంగతి. పెన్నా డెల్టాలో వరి నాటేది వాళ్లే. ఇదివరకు రోజుకూలి. ఇప్పుడు ఎకరాకింత అని గుత్త. గుత్తలో పైకి స్వేచ్ఛ ఉన్నట్టే ఉంటుంది. నెత్తిన నిలబడి అదిలించేవాడు ఉండడు. కానీ ఆ అదిలింపు మనిషి లోపలికే చేరుతుంది. నడుం నొప్పి వచ్చిన ముసలామెను 'నువ్వు రామాకత్తా, ముఠా వెనకబడతాది' అని కోడలి వరసైన మనిషే అనాల్సి వస్తుంది. నాటు పాటలు తగ్గిపోయాయని బాధపడేవాళ్లున్నారు. పాటకు ఊపిరి కావాలి. గుత్త ఆ ఊపిరిని మిగల్చలేదు. కోత మిషన్లు వచ్చి కోతా, కుప్పా, నూర్పిడీ మింగేశాయి. కోత కాలంలో ఇంటికి చేరే గింజలు ఆగిపోయాయి. వరి నాటిన చేతులే దుకాణంలో బియ్యం కొనుక్కుంటున్నాయి.

కయ్యల్లో పని తగ్గినచోట ఆడపిల్లలు రొయ్యల షెడ్లకు పోతున్నారు. మంచులో చేతులు పెట్టి తల తీయడం, పొట్టు ఒలవడం, సైజుల వారీగా వేరు చేయడం. వేళ్లు తిమ్మిరెక్కి, చర్మం ఊడుతుంది. తల తీసిన రొయ్య ఓడెక్కుతుంది. తలా, పొట్టూ, కంపూ మన ఊళ్లో మిగులుతాయి. 2023-24లో మన దేశం నుంచి 7 లక్షల 16 వేల టన్నుల రొయ్య విదేశాలకు పోయింది. దాని విలువ 40 వేల కోట్ల రూపాయలు. అందులో పెద్ద కొనుగోలుదారు అమెరికా. ఆ 40 వేల కోట్లలో ఒలిచిన చేతుల వాటా ఎంతో ఏ లెక్కల పుస్తకంలోనూ వేరే గడి లేదు.

పొరుగు రాష్ట్రాల నుంచి ముఠాలు వస్తే మన కూలీలు వాళ్లను శత్రువులుగా చూడటం మొదలైంది. 'వాళ్లొచ్చి మా రేటు చెడగొట్టారు' అంటారు. రేటు చెడగొట్టింది వచ్చినవాడా, రప్పించినవాడా? తన ఊళ్లో భూమి పోయి ఆకలితో రైలెక్కినవాడు మనకు పరాయివాడెలా అవుతాడు? నాలుగో పరాయితనం పనిచేసేది ఇక్కడే. అది యజమానికి ఖర్చు లేని కాపలా.

చిన్న రైతు యజమానేనా?

రెండెకరాల గుంట ఉన్న రైతు సంగతి కూడా చూడాలి. పిల్ల హేచరీ వాడిది, మేత కంపెనీ వాడిది, మందు దుకాణం వాడిది, అప్పు వ్యాపారిది. పట్టుబడి నాడు ధర చెప్పేది ఎగుమతిదారు తాలూకు మనిషి. కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయి అనే కౌంటు మీద రైతు బతుకు తేలుతుంది. 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం భారత సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, ఆ దెబ్బ వాషింగ్టన్ నుంచి మన గుంటగట్టు మీదికి నేరుగా వచ్చి పడింది. కొనేవాళ్లు ధర తగ్గించారు. మేత ధర మాత్రం ఎవరూ తగ్గించలేదు. వరి రైతు పరిస్థితీ అంతే. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలని చంటిపిల్లవాడికీ తెలుసు. తేమ పేరుతో అంతకు మించి తూచుకుంటే అడిగే దిక్కు లేదు.

అంటే చిన్న రైతు కూడా తన పంటకు పరాయివాడే. అయితే ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. తనకు పై నుంచి పడిన దెబ్బను అతను కిందనున్న కాపలా మనిషి మీదికి, నాటు కూలి మీదికి దించుతాడు. 'నాకే గిట్టలేదు, నీకేం ఇచ్చేది' అంటాడు. ఈ మాటకు సమాధానం తిట్టు కాదు, నిజం: 'నీకు గిట్టకుండా చేసింది మేము కాదు. రా, ఆ మేత కంపెనీ ఎదుటా, ఎగుమతిదారు ఎదుటా కలిసి నిలబడదాం. కానీ మా కూలి కోసి నీ నష్టం పూడ్చుకుంటామంటే ఒప్పుకోం.' ఐక్యతకు ఇదే షరతు. దీన్ని వదిలేసిన ఐక్యత కూలీకి ఉరితాడవుతుంది.

తప్పుడు మందులు, అసలు మందు

పరాయితనపు నొప్పి మరిచిపోవడానికి పాలకులు చూపే దగ్గరి దారి సారా. పనిలో మనిషిగా బతకలేనివాడు పని దిగాక సీసాలో మనిషితనం వెతుక్కుంటాడు. కానీ ఈ జిల్లాలోనే, మెట్ట ప్రాంతంలోని దూబగుంటలో, అక్షరాలు నేర్చుకున్న కూలి ఆడవాళ్లు 1992లో సారా దుకాణాలను మూయించారు. రోశమ్మ లాంటి సామాన్య స్త్రీలు ముందు నిలబడ్డారు. మంట రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారాను నిషేధించక తప్పలేదు. రాత్రి బడిలో నలుగురూ కూర్చుని తమ బతుకు గురించి తామే చదువుకోవడం, మాట్లాడుకోవడం, కలిసి కదలడం: ఆ వరస గుర్తుంచుకోదగ్గది. ఒంటరిగా ఉన్నంతకాలం 'నా ఖర్మ' అనుకున్నది, కలిసి కూర్చున్నప్పుడు 'మన సమస్య' అయింది. పరాయితనం బద్దలయ్యేది ఆ క్షణంలోనే.

ఈ తీరానికి ఇంకా పాత వారసత్వముంది. విడవలూరు మండలంలోని అలగానిపాడులో 1913 మే 1న భూస్వామి కుటుంబంలో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య, పేరు చివరి కులం తోక కత్తిరించుకుని, 1930ల్లో తన ఊళ్లోనే వ్యవసాయ కూలీలను సంఘంగా కూడగట్టాడు. తన తరగతి మీదనే తిరగబడ్డాడు. 1970ల్లో అనంతవరం, కాజ గ్రామాల్లో ఇంటింటి సర్వే చేయించి, ఎవరికెంత భూమి ఉంది, ఎవరెన్ని రోజులు కూలికి పోతున్నారు అని లెక్క తేల్చాడు. నినాదానికి ముందు లెక్క ఉండాలని ఆయన నేర్పిన పాఠం.

ఆ పాఠం ప్రకారమే మన పని మొదలుకావాలి. ప్రతి ఊళ్లోనూ సీజేఎఫ్ఎస్ భూముల పాత సభ్యుల జాబితా తీయాలి. ఇప్పుడు ఏ సర్వే నంబరు ఎవరి కింద ఉందో రాయాలి. గుంట గుంటకూ తిరిగి కాపలా కుటుంబాల అడ్వాన్సులు, జీతాలు, ఎన్నేళ్లుగా ఉన్నారు అన్నది నమోదు చేసి, కలెక్టరు ముందు పెట్టాలి. కాపలాలో భార్య చేసే పనికి వేరే కూలి అడగాలి. నాట్ల గుత్త రేటును సీజనుకు ముందే ముఠాలన్నీ కూర్చుని నిర్ణయించాలి. వలస ముఠాలను ఆ సమావేశానికి పిలవాలి. షెడ్లలో ఒలుపు రేటు, చేతి తొడుగులు, రవాణా మీద ఆడవాళ్ల కమిటీలు వేయాలి.

చట్టం బలం కూడా సన్నగిల్లుతున్న కాలమిది. 2005 ఉపాధి హామీ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో కొత్త చట్టం తెచ్చారు. రోజులు 125కు పెంచామని చెబుతూనే, విత్తే కాలంలో, కోసే కాలంలో మొత్తం 60 రోజులు ఆ పనులు ఆపేయడానికి అందులో వీలు కల్పించారు. సరిగ్గా కూలి బేరం ఆడగలిగే రోజుల్లోనే కూలీకి ఇంకో ఆధారం లేకుండా చేయడమన్నమాట. యజమానికి అనుకూలంగా కాలెండరు కూడా రాసిపెడుతున్నారు.

మాకు దండం పెట్టే చేతులు అక్కర్లేదు, లెక్క అడిగే చేతులు కావాలి. కాపలా మనిషి తన బాకీ లెక్క అడిగిన నాడు, ఒలుపు షెడ్డు ఆడపిల్ల కిలో లెక్క అడిగిన నాడు, సీజేఎఫ్ఎస్ సభ్యుడు సర్వే నంబరు అడిగిన నాడు పరాయీకరణ అనే పెద్దమాటకు ఊళ్లో అర్థం దొరుకుతుంది. వచ్చే నాట్ల లోపు ప్రతి శాఖా తన ఊరి లెక్క పూర్తి చేయాలి. అన్యాక్రాంతమైందాన్ని తిరిగి తెచ్చుకోవడానికి మొదటి కాగితం అదే.